తెలుగు పాఠ్యానికి షా-256 హ్యాష్ తీసేటప్పుడు ముందు బైట్లు లెక్కపెట్టండి

పాఠ్యం ఒక్క మాటైనా, వెయ్యి పేజీలైనా షా-256 ఇచ్చే హ్యాష్ (పాఠ్యానికి వేలిముద్ర లాంటి విలువ) 256 బిట్లే, హెక్స్‌లో (పదహారు గుర్తుల సంఖ్యా పద్ధతిలో) 64 అక్షరాలు. ఒక్క కామా మారినా హ్యాష్ గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. హ్యాష్ నుంచి పాఠ్యాన్ని వెనక్కి తెచ్చే కీ ఏదీ ఉండదు కాబట్టి దీన్ని ఎన్‌క్రిప్షన్ అనుకోకూడదు.

షా-256కు అక్షరాలు తెలియవు, బైట్లే తెలుసు. ఒకే మాటకు ఇద్దరికి రెండు హ్యాష్‌లు వస్తే తప్పు దాదాపు ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది.

‘తెలుగు’ అనే మాటే చూడండి. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము: మొత్తం 6 యూనికోడ్ సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, వెరసి 18. లినక్స్ టెర్మినల్‌లో ప్రింట్‌ఎఫ్ ఆదేశానికి ఈ మాటను సింగిల్ కోట్స్‌లో ఇచ్చి, పైపుతో ముందు బైట్లు లెక్కపెట్టే ‘డబ్ల్యూసీ -సీ’కి పంపండి. 18 వస్తేనే హ్యాష్ తీసే షా256సమ్‌కు పంపండి. మ్యాక్‌లో అయితే ‘షాసమ్ -ఏ 256’. పాఠ్యంలో శాతం గుర్తు, బ్యాక్‌స్లాష్ ఉంటే ప్రింట్‌ఎఫ్ వాటిని ఆదేశాలుగా తీసుకుంటుంది, అప్పుడు ఫైలు నుంచి చదివించడమే మేలు.

19 వస్తే ప్రింట్‌ఎఫ్ బదులు ఎకో వాడినట్టే, అది చివర కొత్త లైను చేరుస్తుంది. నోట్‌ప్యాడ్‌లో చివర ఎంటర్ కొడితే 20. ఎంటర్ లేకుండానే 21 ఉంటే ఫైలు మొదట్లో బీఓఎం (ఎన్‌కోడింగ్‌ను సూచించే, కంటికి కనిపించని గుర్తు) చేరింది. పవర్‌షెల్ 5.1 మాత్రం లెక్కనే ఏమారుస్తుంది: > గుర్తుతో ఫైలులోకి పంపితే యూటీఎఫ్-16లో రాస్తుంది. మాటకు 12, బీఓఎంకు 2, లైను ముగింపుకు 4 కలిపి మళ్లీ 18! హ్యాష్ మాత్రం వేరు. విండోస్‌లో నోట్‌ప్యాడ్‌తో బీఓఎం లేని యూటీఎఫ్-8లో సేవ్ చేసి పవర్‌షెల్‌లోని గెట్-ఫైల్‌హ్యాష్‌కు ఇవ్వండి. ఫలితం పెద్దక్షరాల్లో వస్తుంది, విలువ అదే.

లెక్క ఎంతకీ తేలకపోతే ఐత్వాన్ని అనుమానించండి. ‘హైదరాబాద్’లో ఐత్వం ఒకే సంకేతంగా ఉండొచ్చు, ఎత్వమూ కింది గుర్తూ అని రెండుగానూ ఉండొచ్చు. మొదటిది 27 బైట్లు, రెండోది 30. తెర మీద రెండూ ఒకలాగే కనిపిస్తాయి. పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఎన్‌ఎఫ్‌సీ (ఇలాంటి విడి గుర్తులను ఒకే సంకేతంగా కలిపే) రూపంలోకి మార్చి, ఆపై యూటీఎఫ్-8గా ఎన్‌కోడ్ చేసి, హ్యాష్ తీసే హ్యాష్‌లిబ్‌కు ఇవ్వండి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల మధ్య దాగే, అక్షరాలు కలిసిపోకుండా ఆపే కనిపించని గుర్తు జీరో-విడ్త్ నాన్-జాయినర్‌ను ఎన్‌ఎఫ్‌సీ తీసేయదు. ఉంచాలో తీసేయాలో రెండువైపులా ముందే అనుకోవాలి.

హ్యాష్ ‘ఈ3బీ0సీ442’ అని మొదలైతే షా-256కు ఒక్క బైటూ అందలేదు, అది ఖాళీ పాఠ్యం హ్యాష్.

పాత హ్యాష్ పద్ధతులైన ఎండీ5 2004లో, షా-1 2017లో కొలిజన్‌లకు (రెండు వేరు పాఠ్యాలకు ఒకే హ్యాష్ రావడానికి) దొరికిపోయాయి. కొత్త పనికి అవి వద్దు. పాస్‌వర్డ్‌లకు షా-256 కూడా వద్దు, మరీ వేగం ఎక్కువ. కావాలనే నెమ్మదిగా పనిచేసే ఆర్గాన్2 గానీ బీక్రిప్ట్ గానీ వాడండి. ఫోన్ నంబర్లను హ్యాష్ చేసి భద్రమనుకోవడం ఇంకా ప్రమాదం: పది అంకెలంటే మహా అయితే 1000 కోట్ల అవకాశాలు, గ్రాఫిక్స్ కార్డు వాటన్నిటినీ ఇట్టే ప్రయత్నించేస్తుంది. నంబర్లు దాచాల్సి వస్తే రహస్య కీని కలిపి హ్యాష్ తీసే హెచ్‌మ్యాక్ వాడి, ఆ కీని డేటాబేస్‌కు దూరంగా ఉంచండి.