ఇంటి ప్రార్థనలో అందరి గొంతూ వినిపించాలంటే

ఇళ్లలో జరిగే ప్రార్థన కూటాల్లో చాలాసార్లు పాస్టరుగారు, పాటలు పాడే ఇద్దరు ముగ్గురు తప్ప మిగిలినవారు ఆమేన్ అనడానికే పరిమితమవుతారు. వారికి భక్తి తక్కువై కాదు. ఏం చేయాలో తెలియక, తప్పు పోతుందేమోనని జంకి ఊరుకుంటారు.

ఈసారి బైబిల్లోని 136వ కీర్తన తీయండి. అందులో 26 వచనాలు. ప్రతి వచనమూ "ఆయన కృప నిరంతరముండును" అనే మాటతోనే ముగుస్తుంది. మొదటి సగం ఒక్కొక్కరు చదవాలి, ఆ పల్లవిని అందరూ కలిసి చెప్పాలి. అక్షరం రాని పెద్దమ్మ కూడా మూడో వచనానికల్లా అందుకుంటుంది. మా కూటంలో ఎప్పుడూ గడప దగ్గరే కూర్చునే ఒక అవ్వ ఆ రోజు కళ్లు మూసుకుని అందరికంటే గట్టిగా చెప్పింది. నాకు కన్నీళ్లు ఆగలేదు.

వచనాలు ఎవరెవరికో ముందు రోజే చెప్పి ఉంచండి. అప్పటికప్పుడు "మీరు చదవండి" అంటే బెదిరిపోతారు. సీహోను, ఓగు వంటి పేర్లున్న వచనాలు బాగా చదవగలిగినవారికి ఇవ్వండి. సమస్త జీవులకు ఆహారమిచ్చే దేవుణ్ణి స్తుతించే 25వ వచనం మాత్రం ఆ రోజు వంట చేసిన ఇల్లాలికే ఉంచండి.

చివరి వచనం అయ్యాక వెంటనే పాట ఎత్తుకోవద్దు. ఒక నిమిషం మౌనంగా ఉండండి. అంతవరకు నోరు విప్పనివారు ఎవరో ఒకరు సొంత మాటల్లో ప్రార్థన మొదలుపెడతారు.