ఫ్యాంకోనీ ఎనీమియా ఉన్న పిల్లలుంటే ఇంట్లో ఆల్డిహైడ్లు ఎలా తగ్గించుకోవాలి

రిపోర్టులో ఎనీమియా అనే మాట కనపడగానే బీట్‌రూట్, దానిమ్మ, ఖర్జూరం మొదలుపెడతారు. పెట్టండి, తప్పులేదు, కానీ ఫ్యాంకోనీ ఎనీమియా ఐరన్ తక్కువై వచ్చిన జబ్బు కాదు. మనందరి ఒంట్లోనూ ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్ అనే ఆల్డిహైడ్లు వాటంతటవే తయారవుతుంటాయి, ఇవి డీఎన్‌ఏ రెండు పోగుల్నీ ఒకదానికొకటి అతికించేస్తాయి. ఆ అతుకుల్ని విప్పి బాగుచేసే జన్యువులు 20కి పైగా ఉన్నాయి, వాటిలో లోపం పుట్టుకతో వస్తే ఫ్యాంకోనీ. కేంబ్రిడ్జిలో కేతన్ పటేల్ బృందం 2011లో, ఈ మరమ్మతూ ఎసిటాల్డిహైడ్‌ను విరిచే ఎంజైమూ రెండూ లేని ఎలుకలకు ఆల్కహాల్ (ఒంట్లోకి వెళ్ళాక ఇది ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది) ఇచ్చి చూస్తే, రక్తాన్ని తయారుచేసే వాటి ఎముక మజ్జ దెబ్బతింది. 2013లో జపాన్‌లో 64 మంది రోగుల్ని చూసినప్పుడు కూడా, ఆ ఎంజైమ్ పుట్టుకతో బలహీనంగా ఉన్నవాళ్ళకి మజ్జ తొందరగా పాడైనట్టు తేలింది.

ఒంట్లో పుట్టేదాన్ని మనం ఆపలేం, బయటినుంచి కలిపేది మాత్రం ఆపొచ్చు.

ముందు మందుల అర చూడండి. మా పిల్లలు మద్యం ముట్టరుగా అంటారు, కానీ ఆకలి వేస్తుందని పట్టే ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం లాంటివి పులియబెట్టి చేసేవి, వాటిలో ఆల్కహాల్ సహజంగానే ఉంటుంది. కొన్ని దగ్గు సిరప్‌లలో, మౌత్‌వాష్‌లలో కూడా ఉంటుంది, లేబుల్ చదివి లేనిదే కొనండి. ఈ పిల్లలకి పెద్దయ్యాక నోటి క్యాన్సర్ ముప్పు మామూలుకంటే చాలా ఎక్కువ కాబట్టి ఇంట్లో సిగరెట్, బీడీ, చుట్ట ఏదీ వద్దు, తాతగారు అలిగినా సరే. దోమల కాయిల్ పొగలోనూ ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, దోమతెర కట్టండి. అగరొత్తి మానలేకపోతే కిటికీ తెరిచి వెలిగించండి.

షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ ఫ్యాంకోనీ ఎలుకల్లో కొంత మేలు చేసిందని 2016లో ఒక పరిశోధన వచ్చింది. అలాగని అమ్మమ్మ డబ్బాలోంచి తీసి పిల్లాడికి వేసేయకండి, ఏదైనా హెమటాలజిస్టు (రక్తజబ్బుల డాక్టరు) చెప్పాకే.

ఇంకోటి, దీన్ని చాలామంది వదిలేస్తారు. తోబుట్టువులు ఆరోగ్యంగా కనపడుతున్నా వాళ్ళకీ క్రోమోజోమ్ బ్రేకేజ్ టెస్ట్ (ఈ జబ్బుని పట్టే రక్తపరీక్ష) చేయించండి, ముఖ్యంగా మజ్జ ఇచ్చేది వాళ్ళే అయితే. ఎక్కువ రకాల్లో తల్లీతండ్రీ ఇద్దరూ క్యారియర్లే, అంటే జబ్బు లేకుండానే లోపమున్న జన్యువు మోస్తున్నవాళ్ళే, అందుకే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనరికమైతే ఆ సంగతి డాక్టరుకి దాచకండి. మజ్జ మార్పిడి (ట్రాన్స్‌ప్లాంట్) దాకా వెళ్తే జబ్బు పేరు ముందే చెప్పాలి, ఎందుకంటే మిగతా పిల్లలకిచ్చే కీమో డోసు వీళ్ళు తట్టుకోలేరు, బాగా తగ్గించి ఇస్తారు.