బ్రూక్స్ పర్వతాల మ్యాప్‌లో ఎత్తులు, చోట్లు కలవకపోతే

అలాస్కా ఉత్తర కొసన ఆర్కిటిక్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌లోని బ్రూక్స్ పర్వతాలకు రోడ్డు లేదు, దారి అడుగుదామంటే మనిషి కనబడడు. అందుకే మ్యాప్‌లో తేడా ఉంటే బయల్దేరకముందే పట్టుకోవాలి.

సమస్య: ఏ శిఖరం ఎత్తైనదో ఒక్కో మ్యాప్ ఒక్కోలా చెబుతోంది.

యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వాళ్ల 1950ల నాటి మ్యాపుల్లోనే ఈ చిక్కుంది. ఒక స్కేలులో చాంబర్లిన్ శిఖరం పెద్దది, ఇంకో స్కేలులో ఇస్టో శిఖరం పెద్దది. అవి విమానం ఫోటోల మీంచి గీసినవి. తెల్లటి మంచు మీద కంటికి ఆనే గుర్తు ఉండదు, అలాంటి చోట ఎత్తు లెక్కగట్టడం చాలా కష్టం.

పరిష్కారం: కొత్త కొలతలే వాడండి. హిమానీనదాల పరిశోధకుడు మ్యాట్ నోలన్ చిన్న విమానం నుంచి ఫోటోలు తీసి కొలిస్తే, పర్వతారోహకురాలు కిట్ డెస్లోరియర్స్ జీపీఎస్‌తో కొండెక్కి సరిచూశారు. ఇస్టో 2,735.6 మీటర్లు, హబ్లీ 2,717.6, చాంబర్లిన్ 2,712.3. చాంబర్లిన్ మూడో స్థానానికి దిగింది! దాని నెత్తిన ఉన్నది మంచు కాబట్టి, ఎత్తు పక్కన కొలిచిన ఏడాది కూడా రాసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

సమస్య: ఆర్కిటిక్‌డెమ్ అనే డిజిటల్ డేటాలోని ఎత్తులన్నీ మ్యాప్ కంటే కొన్ని మీటర్లు తేడాగా వస్తున్నాయి.

టెన్షన్ పడకండి, డేటా పాడవలేదు. ఉపగ్రహ చిత్రాలతో చేసిన ఆ డేటాలో ఎత్తులు ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి లెక్కల్లో వాడే నున్నటి రూపం) నుంచి లెక్కించినవి, మ్యాప్‌లో ఉన్నవి సముద్రమట్టం నుంచి. జియాయిడ్ (సముద్రమట్టాన్ని నేల కింద కూడా కొనసాగించి ఊహించిన ఉపరితలం) మోడల్‌తో మార్చుకోవాలి. సగటు తేడా చూసి తీసేయడం మాత్రం వద్దు, ఆ తేడా చోటును బట్టి మారుతుంది.

సమస్య: గుడారం ఒడ్డున ఉంటే, జీపీఎస్ చుక్క నది మధ్యలో పడుతోంది.

మైలుకు అంగుళం చొప్పున గీసిన పాత మ్యాప్ అయితే ముందు దాని అంచున ఉన్న చిన్నక్షరాలు చదవండి. అక్కడ ‘1927 నార్త్ అమెరికన్ డేటమ్’ అని ఉంటుంది; డేటమ్ అంటే చోట్లను లెక్కగట్టే ఆధార పద్ధతి. జీపీఎస్ మాత్రం డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే డేటమ్‌లో చూపిస్తుంది. సెట్టింగుల్లో డేటమ్ మార్చండి, చుక్క ఒడ్డుకొస్తుంది. అప్పటికీ రాకపోతే నదే పక్కకు జరిగి ఉండొచ్చు.

సమస్య: మ్యాప్‌లో హిమానీనదం, కళ్లెదుట రాళ్లగుట్ట.

మెకాల్ లాంటి హిమానీనదాలు కరిగి వెనక్కి పోయాయి. అక్కడ పాత కాంటూర్ రేఖలను (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలను) నమ్మకండి, తేదీ ఉన్న కొత్త ఉపగ్రహ చిత్రం తీసుకోండి.

దిక్సూచి తేడా చూపిస్తే, మ్యాప్‌లో అచ్చైన డిక్లినేషన్ (అసలు ఉత్తరానికీ దిక్సూచి చూపే ఉత్తరానికీ మధ్య కోణం) పాతదై ఉంటుంది. ఇన్నేళ్లలో అది పది డిగ్రీలకు పైగా మారింది. ఈ ఏడాది విలువ వేసుకోండి.