గురకకు పంటి పరికరం చేయించుకునే ముందు జాగ్రత్తలు

బెంగళూరులో వీధికో డెంటల్ క్లినిక్ ఉంది కదా అని నేరుగా వెళ్లకండి. ముందు స్లీప్ స్టడీ చేయించుకోండి. నిద్రలో గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగుతోందో, తగ్గుతోందో అందులో తేలుతుంది. ఆ లెక్క 5 నుంచి 30 లోపు ఉంటే, కింది దవడను ముందుకు జరిపి ఉంచే ఈ పరికరం చాలామందికి పనిచేస్తుంది. 30 దాటితే మాత్రం ముందు సీప్యాప్ (నిద్రలో మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) గురించి స్లీప్ డాక్టరుతో మాట్లాడండి.

– కదిలే పళ్లు, చిగుళ్ల రక్తం, దవడ కీలు నొప్పి ఉంటే డెంటిస్టు దగ్గర దాచకండి. పరికరానికి పట్టు పళ్లే, ముందు వాటికి వైద్యం జరగాలి.

– పై పళ్లు, కింది పళ్లు కలిసే తీరు ఏళ్లు గడిచేకొద్దీ మారొచ్చు. మొదట్లోనే ఫొటోలు తీయించి ఉంచుకోండి.

– ఆన్‌లైన్‌ షాపుల్లో దొరికే రెడీమేడ్ పరికరాలు వద్దు.

– గురక ఆగినా శ్వాస ఆగుతూనే ఉండొచ్చు. పరికరం పెట్టుకుని మళ్లీ స్లీప్ స్టడీ తప్పనిసరి.