ఎక్స్-రే లేజర్‌కి పంపే లైసోజైమ్ స్ఫటికాలు: బరంపురం ఎండలో చేసే పద్ధతి

ప్రోటీన్ అణువు ఆకారం తెలియాలంటే దాన్ని స్ఫటికంగా మార్చి, ఎక్స్-రేలు పంపి, అవి చెదిరి పడిన బొమ్మలు (వివర్తన బొమ్మలు) తీయాలి. చాలా చిన్న స్ఫటికాలతో ఈ పని చేసేది ఎక్స్-రే లేజర్. అది మన దేశంలో లేదు. ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లని వలయంలో తిప్పి ఎక్స్-రేలు పుట్టించే యంత్రం) ఉంది గానీ అది వేరే పద్ధతి. అక్కడ ఒక పెద్ద స్ఫటికాన్ని తిప్పుతూ బొమ్మలు తీస్తారు. లేజర్ కావాలంటే అమెరికాలో ఎల్‌సీఎల్‌ఎస్, జపాన్‌లో సాక్లా, జర్మనీలో యూరోపియన్ ఎక్స్‌ఫెల్ లాంటి చోట్లకి దరఖాస్తు పెట్టుకోవాలి. దొరికేది కొద్ది షిఫ్టులే. అవి వృథా అయ్యాయంటే చాలాసార్లు కారణం నాళికలోని స్ఫటికాలే. వాటిని తయారుచేసే పని మాత్రం బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం కాలేజీ ల్యాబుల్లోనే నేర్చుకోవచ్చు.

లేజర్ పల్స్ కొన్ని పదుల ఫెమ్టోసెకన్లే ఉంటుంది. స్ఫటికం ఛిద్రమయ్యేలోగానే వివర్తన బొమ్మ డిటెక్టర్ మీద పడిపోతుంది. ఒక్కో స్ఫటికానికి ఒక్కటే బొమ్మ. అందుకే కొన్ని మైక్రాన్ల స్ఫటికాలు కోట్ల సంఖ్యలో, అన్నీ ఒకే సైజులో కావాలి. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్‌తో మొదలుపెట్టండి. ఎల్‌సీఎల్‌ఎస్‌లో 2012లో నిర్మాణాన్ని 1.9 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటర్‌లో పది కోట్లో వంతు) స్పష్టత వరకు తేల్చిన ఎంజైమ్ ఇదే. పొడి సులువుగా దొరుకుతుంది.

ముందు 1 మోలార్ సోడియం అసిటేట్, పీహెచ్ 3.0 స్టాక్ చేసుకోండి. పీహెచ్ 3 దగ్గర పీహెచ్‌ని నిలిపే అసిటేట్ పట్టు బలహీనం, దాని అసలు బలం 4.76 దగ్గర. కాబట్టి పీహెచ్ కాగితాన్ని నమ్మకండి, మీటర్‌తోనే చూడండి. అవక్షేపక ద్రావణం (ప్రోటీన్‌ని స్ఫటికాలుగా బయటికి తెచ్చేది) 50 మిల్లీలీటర్లకి సోడియం క్లోరైడ్ 14 గ్రాములు, పీఈజీ 6000 (పాలీఇథిలీన్ గ్లైకాల్) 4 గ్రాములు, స్టాక్ 5 మిల్లీలీటర్లు తీసుకుని, మిగతాది శుద్ధమైన నీటితో నింపండి. ఉప్పు పూర్తిగా కరిగాకే పీఈజీ కొంచెం కొంచెంగా వేయాలి, లేకపోతే ఉండలు కడుతుంది. గంజాం తీరంలో హుమ్మ ఉప్పు మళ్ళు పక్కనే ఉన్నా, ఆ ఉప్పు కూరకే. ల్యాబ్‌కి అనలిటికల్ గ్రేడ్ తెప్పించుకోండి. ద్రావణాన్ని 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టండి.

లైసోజైమ్ 100 మిల్లీగ్రాములని 0.1 మోలార్ అసిటేట్ 5 మిల్లీలీటర్లలో కరిగించి, సెంట్రిఫ్యూజ్‌లో 12,000 ఆర్‌పీఎం దగ్గర 10 నిమిషాలు తిప్పి, పైతేట తీసుకోండి. అడుగున చేరిన కరగని రేణువులు అందులో కలిస్తే స్ఫటికాలు వాటి చుట్టూ ఎలాపడితే అలా పుడతాయి.

అసలు చిక్కు ఇక్కడినుంచి. రెండు ద్రావణాలనీ 17 డిగ్రీల దగ్గర ఉంచాలి. మే నెలలో బరంపురం గదిలో 35 దాటుతుంది. వేడిలో లైసోజైమ్ ఎక్కువ కరుగుతుంది, కేంద్రకాలు (స్ఫటికం మొలకెత్తే బీజాలు) తక్కువ పుడతాయి, కొద్దిపాటి స్ఫటికాలే పెద్దగా పెరుగుతాయి. ఏసీ మీద ఆధారపడకండి, కరెంటు పోతే ఉష్ణోగ్రత పోతుంది. థర్మోకోల్ పెట్టెలో నీళ్ళు, ఐసు ముక్కలు వేసి, థర్మామీటర్ పెట్టి, 17 వచ్చాక నాళికలు అరగంట అందులో ఉంచండి. తరవాత అవక్షేపకం 5 మిల్లీలీటర్లు ఒక్కసారిగా ప్రోటీన్‌లో పోసి, వెంటనే 10 సెకన్లు వోర్టెక్స్ మిక్సర్ మీద గట్టిగా కలపండి. నెమ్మదిగా పోస్తే ఒక మూల ముందుగా చిక్కబడి చిన్నా పెద్దా అన్నీ కలిసిపోతాయి. గంటసేపు 17 దగ్గరే వదిలేయండి.

ద్రావణం పాలలా తెల్లబడుతుంది. తిప్పి చూస్తే పట్టులా మెరుపు కదలాలి. మెరుపు లేని తెలుపు స్ఫటికం కాదు, విరిగిన ముద్ద. అలా వస్తే ప్రోటీన్ గాఢత తగ్గించి మళ్ళీ చేయండి. నాళిక మూతలు వదులైతే నీరు ఆవిరై ఉప్పు స్ఫటికాలూ వస్తాయి. చుక్క మెథిలీన్ బ్లూ వేస్తే ప్రోటీన్ స్ఫటికం నీలం పడుతుంది, ఉప్పుకి రంగు పట్టదు.

సైజు, లెక్క రెండూ హీమోసైటోమీటర్‌తో (రక్తకణాలు లెక్కపెట్టే గళ్ళ గాజుపలక) తేలిపోతాయి, అది లేని పాథాలజీ ల్యాబ్ ఉండదు. మధ్య గడిలోని అతి చిన్న చతురస్రం భుజం 50 మైక్రాన్లు. దాంట్లో పదోవంతు ఉన్నది 5 మైక్రాన్ల స్ఫటికం. నూరురెట్లు పలచన చేసి 1 మిల్లీమీటర్ గడిలో లెక్కపెట్టండి. 50 కనబడితే మిల్లీలీటర్‌కి 5 కోట్లు. 20 మైక్రాన్లు దాటినవి కనబడితే జాలీలో వడకట్టక తప్పదు, లేజర్ దగ్గర నాజిల్ మూసుకుపోయేది వాటివల్లే. చివరికి 10 శాతం ఉప్పు ఉన్న 0.1 మోలార్ అసిటేట్‌తో రెండుసార్లు కడగండి, లేకపోతే దారిలో పెరుగుతూనే ఉంటాయి. ఫ్రీజర్‌లో పెట్టకండి. దూరప్రయాణమైతే పొడి, ద్రావణాలు వేరుగా పట్టుకెళ్ళి అక్కడే కలపడం మేలు.

పలచని ద్రవ జెట్‌లో నిమిషానికి 10 మైక్రోలీటర్లు పోతే గంటకి 600 అవుతుంది. పల్స్‌కీ పల్స్‌కీ మధ్య జారిపోయేదే ఎక్కువ. గ్రీజులో కలిపి 100 మైక్రాన్ల నాజిల్‌లో నిమిషానికి అర మైక్రోలీటర్ నెడితే గంటకి 30 చాలు. అడుగున చేరిన స్ఫటికాలు 10 మైక్రోలీటర్లకి గ్రీజు 90 వంతున గాజుపలక మీద మెల్లగా కలపండి. సెకనుకి 120 పల్సుల దగ్గర గంటకి 4,32,000 షాట్లు. నూటికి ఐదు స్ఫటికానికి తగిలి (వీటినే హిట్లు అంటారు), వాటిలో సగం ఇండెక్స్ అయినా (అంటే బొమ్మలోని చుక్కల నుంచి స్ఫటికం ఏ దిశలో ఉందో తేలినా) 10,800 బొమ్మలు. ఎక్కువ తగలాలని ఆశపడకండి. హిట్లు నూటికి 30కి చేరితే వాటిలో ఆరో వంతులో రెండో అంతకన్నా ఎక్కువో స్ఫటికాలు ఉంటాయి, బొమ్మలు కలగాపులగం అవుతాయి.

బొమ్మలని క్రిస్ట్‌ఫెల్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇండెక్స్ చేసి, సెల్ (స్ఫటికంలో మళ్ళీ మళ్ళీ వచ్చే గడి) కొలతల పటాలు గీస్తే 79, 79, 38 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఒక్కో శిఖరంగా రావాలి. శిఖరం రెండుగా చీలినా, ఒకవైపు ఒరిగినా డిటెక్టర్ దూరం, కేంద్రం సరిచేసుకోండి. ఆర్-స్ప్లిట్ (బొమ్మలని రెండు సగాలు చేసి పోల్చినప్పుడు కనబడే తేడా) సగానికి తగ్గాలంటే బొమ్మలు నాలుగురెట్లు కావాలి. లైసోజైమ్ స్పేస్ గ్రూప్ (స్ఫటిక సౌష్ఠవం) పి4₃2₁2లో ఇండెక్సింగ్ సందిగ్ధత (ఒకే బొమ్మకి రెండు దిశలు సరిపోవడం) రాదు, మీ సొంత ఎంజైమ్‌కి మాత్రం ముందే చూసుకోండి.

బొమ్మల్లో నమోదు కాని ఫేజుల (తరంగ దశల) కోసం, ప్రోటీన్ నిర్మాణాల భాండాగారం పీడీబీలో ఉన్న లైసోజైమ్ నమూనా 193ఎల్‌లో నీటి అణువులు తీసేసి, ఫేజర్ అనే సాఫ్ట్‌వేర్‌తో స్థానం పట్టించండి. ఆర్-ఫ్రీకి (నమూనా డేటాకి నిజంగా సరిపోయిందా అని చూసే కొలత) 5 శాతం ప్రతిబింబాలు (వివర్తన చుక్కలు) మొదటే పక్కన పెట్టాలి. శుద్ధి (నమూనాని డేటాకి సరిపోయేలా సవరించడం) అయ్యాక రామచంద్రన్ పటం (ప్రోటీన్ గొలుసు మలుపుల కోణాలు సరిగా ఉన్నాయో చూపేది) చూడండి. ఆ తరవాత 35వ గ్లుటామేట్ పక్కగొలుసుని తీసేసి మళ్ళీ శుద్ధి చేసి, తేడా మ్యాప్ (డేటాకీ నమూనాకీ తేడా చూపే ఎలక్ట్రాన్ సాంద్రత పటం) తెరవండి. ఆ చోట సాంద్రత తిరిగి తేలితే అది మీ డేటా చూపిస్తున్నది. తేలకపోతే ఆ గొలుసు 193ఎల్ నుంచి అరువు వచ్చింది. అప్పుడు మళ్ళీ సెల్ కొలతల పటాల దగ్గరికే వెళ్ళాలి.