చెన్నై తీర సముద్రంలో వేడి, ప్లవకాల మార్పును పరిశీలించే పద్ధతి

వేడెక్కుతున్న సముద్రంలో వృక్షప్లవకాలు (నీటిలో తేలుతూ ఎండతో ఆహారం తయారు చేసుకునే సూక్ష్మజీవులు) పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో చెన్నైలో ఉండి పరిశీలించాలనుకునేవారు ముందుగా నీటి పొరల సంగతి తెలుసుకోవాలి. నైట్రేట్, ఫాస్ఫేట్ వంటి పోషకాలు లోతు నీటిలో ఎక్కువ; పైనీరు వేడెక్కి తేలికైన కొద్దీ అది కింది చల్లని నీటితో కలవడం తగ్గి, వెలుతురున్న చోటికి పోషకాలు అందక ప్లవకాల ఎదుగుదల మందగిస్తుంది. గంగ, గోదావరి, కృష్ణల మంచినీరు చేరే బంగాళాఖాతంలో పైపొర ముందే ఉప్పు తక్కువై తేలికగా ఉంటుంది కాబట్టి, వేడి ఆ అడ్డును మరింత గట్టిపరుస్తుంది. అయితే గాలి, అలలు అడుగుదాకా కలియబెట్టే ఒడ్డు నీటికి ఈ సూత్రం యథాతథంగా వర్తించదు.

అందుచేత చోటు ఎంచుకోవడమే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. అడయారు, కూవం, కొసస్తలైయారు సముద్రంలో కలిసే చోట్లను వదిలిపెట్టండి. ప్లవకాలను వాటి పచ్చని రంగు పదార్థమైన క్లోరోఫిల్‌ను బట్టి ఉపగ్రహం గుర్తిస్తుంది; అక్కడి ఒండ్రును, మురికిని అది క్లోరోఫిల్‌గా పొరబడవచ్చు. ఖండతీరపు అంచు (తీరాన్ని ఆనుకుని లోతు తక్కువగా ఉండే సముద్ర భాగం) మీదనే, కాని ఒడ్డుకు దూరంగా, ఒక చతురస్రాన్ని గుర్తించి, ఉపరితల ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ పటాలను పక్కపక్కన పెట్టుకుని ఏటా అదే నెలను పోల్చండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బులు పటంలో ఖాళీలు మిగులుస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు. సముద్రపు రంగును కొలిచే ఉపగ్రహ పరికరాలైన 1997లో మొదలైన సీవిఫ్స్, 2002లో ఆక్వా ఉపగ్రహంతో వెళ్లిన మోడిస్, అలాగే 2022 నవంబరులో ఇస్రో పంపిన ఓషన్‌శాట్-3 ఉపగ్రహం ఇచ్చిన అంకెలను సరిచూడకుండా ఒకే వరుసలో అతికిస్తే, పరికరం మారినందువల్ల వచ్చిన తేడా సముద్రంలో వచ్చిన మార్పులా కనిపిస్తుంది.

పడవ మీద వెళ్లే వీలుంటే, నీరు ఎంత తేటగా ఉందో కొలిచే సెక్కి పళ్లెం వాడండి. 30 సెంటీమీటర్ల తెల్లని పళ్లేనికి అడుగున బరువు కట్టి, మీటరుకొక గుర్తు వేసిన తాడుతో, మధ్యాహ్నానికి అటూఇటూగా, పడవ నీడ పడే పక్క నుంచి దించాలి. అది కనుమరుగైన లోతు, పైకి లాగుతుండగా తిరిగి కనిపించిన లోతు రెండూ రాసుకుని సగటు తీయాలి. లోతు తగ్గి నీరు పచ్చగా ఉంటే ప్లవకాలు, మట్టిరంగుగా ఉంటే ఒండ్రు కారణం కావచ్చు. కాశిమేడు నుంచి వేటకు వెళ్లే మత్స్యకారులు ఈ తేడాను దూరం నుంచే పోల్చుకోగలరు. వారి మాటను తేదీతో సహా పక్కనే నమోదు చేయండి.

ఒక ఏడాది క్లోరోఫిల్ తగ్గిందని భూతాపానికి ముడిపెట్టకండి, పసిఫిక్ మహాసముద్రపు పైనీరు కొన్నేళ్లకోసారి వేడెక్కే ఎల్ నినో కూడా అలాంటి ఏడాదిని తేవచ్చు. పైగా ఎండ ఎక్కువైనప్పుడు ప్లవకాలు తమ కణాల్లో క్లోరోఫిల్‌ను తగ్గించుకుంటాయి, ఉపగ్రహానికి అందని లోతులో పచ్చని పొర ఉండనూవచ్చు. చేపల దిగుబడిని కూడా నేరుగా కొలమానంగా తీసుకోకూడదు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది గనుక, ఆ రోజుల్లో తగ్గిన దిగుబడి సముద్రం గురించి ఏమీ చెప్పదు.