పాత డైనింగ్ కుర్చీలకు కొత్త రంగు, కొత్త సీటు

సెకండ్‌హ్యాండ్‌లో దొరికే చెక్క డైనింగ్ కుర్చీలు ఎక్కువగా రెండు రకాలు. ఒకదాంట్లో సీటు పలకను కింద నుంచి స్క్రూలతో బిగిస్తారు. రెండోదాంట్లో సీటు ఫ్రేములోకి దిగి కూర్చుంటుంది. రెండూ ఇంట్లో చేసుకోదగ్గ పనులే. స్ప్రింగులున్న సోఫాను మాత్రం మొదటిసారే పెట్టుకోవద్దు. కింద చెప్పే లెక్కలన్నీ నాలుగు కుర్చీలకు, 18 అంగుళాల చదరపు సీటుకు.

కొనేటప్పుడు కుర్చీని తిరగేసి చూడండి. సన్నటి గుండ్రటి రంధ్రాలు, వాటి కింద గోధుమపిండి లాంటి పొడి ఉంటే పుచ్చు పట్టిందన్నమాట. రంధ్రాలుండి పొడి లేకపోతే పురుగు ఎప్పుడో వెళ్లిపోయి ఉండొచ్చు. పొడి తాజాగా రాలుతోంటే మాత్రం ఎంత చవకైనా వదిలేయండి, అది ఇంట్లో మిగతా చెక్కకూ పాకుతుంది. కాళ్లు ఊగడం పెద్ద లోపం కాదు, జిగురుతో కుదురుతుంది. కాలు నిలువునా చీలి ఉంటే వద్దు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కుర్చీ టేకుదో, రోజ్‌వుడ్‌దో అయితే రంగు వేయకండి. గీకి పాలిష్ పెట్టించండి. ఒకసారి ఆ చెక్క రంధ్రాల్లోకి పెయింట్ దిగితే పూర్తిగా వెనక్కి రాదు. రంగు అందం తెచ్చేది రబ్బర్‌వుడ్‌కు, మామిడి చెక్కకు, అతుకులూ మరకలూ ఉన్న కలగాపులగం చెక్కకు.

ముందు సీట్లు విప్పండి. ప్రతి సీటు అడుగున, దాని కుర్చీ ఫ్రేము లోపల ఒకే నంబరు రాయండి. పాత కుర్చీల్లో స్క్రూ రంధ్రాలు ఒకదానిలా ఇంకోటి ఉండవు, మారితే బిగించేటప్పుడు ఇబ్బంది పడతారు. పాత గుడ్డకున్న పిన్నులను సన్న స్క్రూడ్రైవర్‌తో లేపి పట్టకారు (ప్లయర్)తో లాగేయండి. గుడ్డ పారేయకండి, కొలతకు పనికొస్తుంది.

ఊగే అతుకుల మీద మేకు కొట్టడం మన దగ్గర బాగా అలవాటు. మేకు అతుకును బిగించదు, చెక్కను చీలుస్తుంది. అతుకును రబ్బరు సుత్తితో మెల్లగా ఊడదీసి, ఎండిన పాత జిగురంతా గీకేయాలి. పాత జిగురు మీద కొత్త జిగురు పట్టదు. తర్వాత ఫెవికాల్ ఎస్‌హెచ్ లాంటి చెక్క జిగురు రెండువైపులా రాసి కలిపి, నాలుగు కాళ్ల చుట్టూ తాడు కట్టి, తాడు మధ్య కర్ర దూర్చి మెలిపెట్టండి. కుర్చీని చదునైన నేల మీద నిలబెట్టి, నాలుగు కాళ్లూ ఆనాయో లేదో అప్పుడే చూసుకోవాలి. ఒక రోజంతా కదపొద్దు. స్క్రూ రంధ్రం వదులైతే జిగురులో ముంచిన అగ్గిపుల్లలు రెండు మూడు దూర్చి, ఆరాక మళ్లీ బిగించండి.

రంగు ఊడిపోయిందనే ఫిర్యాదుకు అసలు కారణం చాలాసార్లు రంగు కాదు, జిడ్డు. డైనింగ్ కుర్చీలో చేత్తో పట్టుకుని లాగే వీపు పైపట్టీని వేలితో రుద్ది చూడండి, ఏళ్ల నాటి కూర నూనె తగులుతుంది. దాన్ని కడక్కుండా సాండ్‌పేపర్ పడితే నూనె చెక్క లోపలికి పోతుంది, ఆర్నెల్లలో రంగు అక్కడే పొక్కులు లేస్తుంది. డిటర్జెంటు నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, మంచినీళ్ల గుడ్డతో ఇంకోసారి తుడిచి, ఒక రోజు ఆరనివ్వండి. ఆ పైపట్టీని టర్పెంటైన్‌తో కూడా తుడవడం మంచిది.

తర్వాత 120 నంబరు సాండ్‌పేపర్‌తో మెరుపు పోయేదాకా, ఆపైన 180తో చెక్క నార వెంబడే రుద్దండి. పాలిష్ మొత్తం తీయాల్సిన పని లేదు, ఉపరితలం మాట్‌గా కనబడితే చాలు. కుర్చీకి ఇప్పటికే పాత పెయింట్ ఉంటే జాగ్రత్త. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఉండొచ్చు. అలాంటిదాన్ని పొడిగా రుద్దొద్దు. వాటర్ పేపర్ (నీళ్లలో వాడే సాండ్‌పేపర్) తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, పిల్లల్నీ గర్భిణుల్నీ దూరంగా ఉంచండి. చెత్తను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తేయండి.

రంగుకు అర లీటరు వుడ్ ప్రైమర్, లీటరు శాటిన్ ఎనామిల్ సరిపోతాయి. ప్రైమర్‌లో పదో వంతు మించకుండా టర్పెంటైన్ కలిపి ఒక పూత వేయండి. తెల్ల ప్రైమర్‌లోంచి గోధుమరంగు మరకలు పైకి తేలితే అది చెక్కలోని రంగో, పాత పాలిష్‌లోని రంగో. ఇంకో పూత ప్రైమర్ వేసినా ఆగదు. లక్క పాలిష్ ఒక పూత వేసి ఆరనిచ్చి, దాని మీద ప్రైమర్ వేస్తే ఆగుతుంది. ప్రైమర్ ఆరాక గుంటలు స్పష్టంగా కనిపిస్తాయి. వాటిని పుట్టీతో నింపి 220తో నున్నగా చేసి, పుట్టీ పెట్టిన చోట మళ్లీ ప్రైమర్ తాకించండి. లేకపోతే అక్కడ రంగు ఇంకిపోయి మచ్చలా కనబడుతుంది.

ఎనామిల్ రెండు పలుచని పూతలు. కుర్చీని తలకిందులు చేసి కాళ్లతో మొదలుపెట్టి, తర్వాత నిలబెట్టి మిగతాది వేయాలి. కాళ్లూ అడ్డపట్టీలూ కలిసే మూలల్లో రంగు పేరుకుని పది నిమిషాల్లో కారుతుంది, ఖాళీ బ్రష్‌తో ఒకసారి లాగేయండి. పూతకూ పూతకూ మధ్య ఒక రాత్రి ఆరనిచ్చి, 320తో తేలిగ్గా రుద్ది తుడవండి. తొందరపడి మందంగా వేస్తే పైన పొర గట్టిపడి లోపల పచ్చిగా ఉంటుంది, రెండో పూతకు ముడతలు పడుతుంది. ఎనామిల్‌లో ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ లాకర్‌లో కలిపేది) కలపొద్దు, అది కింది పూతను లేపేస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

రంగు ఆరేలోపు సీట్ల పని. ప్లై వంగినా, పొరలు విడిపోయినా కొత్త 12 ఎంఎం ప్లై కోయించండి. పరుపుల షాపులో 2 అంగుళాల మందం, 40 డెన్సిటీ ఫోమ్ అడగండి. మెత్తగా ఉందని 23 డెన్సిటీ తీసుకుంటే కొన్ని నెలల్లోనే అణిగి, కూర్చుంటే పలక తగులుతుంది. ఫోమ్ ముక్క పలక కన్నా చుట్టూ పావు అంగుళం ఎక్కువ ఉంటే అంచు నిండుగా వస్తుంది, అంటే పద్దెనిమిదిన్నర అంగుళాలు. ఎస్‌ఆర్ రకం రబ్బరు జిగురు రెండువైపులా రాసి, వేలికి అంటనంత ఆరాక అతికించండి.

గుడ్డ లెక్క ఇది. పలక 18, దానికి ఒక్కో వైపు ఫోమ్ 2, ప్లై మందం అర, అడుగున మడతకు 2, మొత్తం 27 అంగుళాలు. సోఫా గుడ్డ పన్నా సాధారణంగా 54 అంగుళాలు కాబట్టి అడ్డంగా రెండు ముక్కలు సరిగ్గా వస్తాయి. నాలుగు సీట్లకు మీటరున్నర చాలు. పెద్ద పువ్వుల డిజైనైతే పువ్వు మధ్యకు రావాలి గనక రెండున్నర మీటర్లు తీసుకోండి. పెడన కలంకారీ వేయాలనుకుంటే పన్నా తక్కువ, 44 అంగుళాలుంటే ఒక ముక్కే వస్తుంది, మూడు మీటర్లు కావాలి. ఆ గుడ్డను ముందే తడిపి ఆరేసి ఇస్త్రీ చేసి, కింద మార్కిన్ గుడ్డ (ముతక నూలు గుడ్డ) ఒక పొర వేయాలి. ఒంటి పొర అంచుల దగ్గర త్వరగా అరిగిపోతుంది. వరంగల్ జంపఖానా చాలా గట్టిది, కానీ మందం ఎక్కువ. స్క్రూలతో పైన బిగించే సీటుకైతే వేయొచ్చు. ఫ్రేములోకి దిగే సీటుకు వద్దు, బలవంతంగా దూర్చితే మీరు అతికించిన అతుకులే విచ్చుకుంటాయి. చవక రెక్సిన్ మన ఉక్కకు పొట్టు లేస్తుంది.

గుడ్డను బోర్లా పరిచి మధ్యలో సీటు పెట్టండి. స్టేపుల్ గన్‌లో 8 ఎంఎం పిన్నులు వేసి, మొదట వెనక అంచు మధ్యలో ఒకటి, తర్వాత గుడ్డ లాగి ముందు అంచు మధ్యలో ఒకటి, ఆపైన రెండు పక్కలా ఒక్కోటి. తిప్పి చూసి, గుడ్డ దారాలు ముందు అంచుకు సమాంతరంగా ఉంటేనే ముందుకు వెళ్లండి. మధ్య నుంచి మూలల వైపు అంగుళానికో పిన్ను కొడుతూ, మూలకు 2 అంగుళాల ముందే ఆపండి. ఒకవైపు పూర్తిచేసి రెండో వైపుకు వెళితే గుడ్డ వంకరపోతుంది. మూల దగ్గర గుడ్డ కొసను పలక మధ్యవైపు లాగి ఒక పిన్ను కొట్టి, మిగులు కత్తిరించి, రెండువైపులా చిన్న మడత పెట్టండి. మడత గీత ముందు నుంచి కాకుండా పక్కనుంచి కనిపించేలా ఉండాలి. స్క్రూ రంధ్రాల మీద గుడ్డ పడితే అక్కడ చిన్న గాటు పెట్టండి. గుడ్డ మీదుగానే స్క్రూ తిప్పితే దారం చుట్టుకుని మొత్తం లాగేస్తుంది.

ఫ్రేములోకి దిగే సీటుకైతే ముందు గుడ్డ మడతతో కలిపి పెట్టి చూడండి. చుట్టూ 2 నుంచి 3 ఎంఎం ఖాళీ లేకపోతే ప్లై అంచును చిత్రిక పట్టి తగ్గించాకే పిన్నులు కొట్టాలి. రంగు పొరలు కూడా కొంత చోటు తింటాయి.

చివరి పూత వేశాక కనీసం వారం ఆగి సీట్లు బిగించండి. గోరు నొక్కితే గుర్తు పడుతోందంటే ఇంకా పచ్చిగా ఉన్నట్టే. అప్పుడే కూర్చుంటే బట్టల నేత వీపు పట్టీ మీద అచ్చు పడుతుంది. కాళ్ల అడుగున ఫెల్ట్ ముక్కలు అంటించడం మరచిపోకండి. లాగిన ప్రతిసారీ రంగు మొదట రేగేది అక్కడే.